మాటలు వినపడే స్పీకర్లు

చిన్నోడికి,

అమ్మ ఆశీస్సులు. నువ్వూ కోడలూ ఒంట్లో బాగుండి వేళకి తింటున్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ, మీ బావా, నీ మేనకోడలు పిచ్చుకా కులాసాగానే ఉన్నాం. ఈ వరస రాసేటప్పుడల్లా మీ అక్క పేరు కూడా కలపబోయి చెయ్యి ఆగిపోతుంది. ఆగనీ, మళ్లీ కదులుతోంది కదా.

నీ ఉత్తరం నిండా ప్రశ్నలే. నువ్వు పోలీసు ఉద్యోగం చెయ్యాల్సిన వాడివిరా. ముందు స్పీకర్ల సంగతి చెబుతాను. "బావకి హెడ్‌ఫోన్స్ ఉన్నాయిగా, మళ్లీ స్పీకర్లెందుకు? కొంటే కింద పెద్ద డబ్బా ఉండే సెట్టు కొను" అని రాశావు. ఆ హెడ్‌ఫోన్స్ మీద నాకెందుకు పగో నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నా, కంగారు పడకు.

మీ అక్క పోయాక మీ బావ ఆఫీసుకి వెళ్లడం మానేసి, ఇళ్ల ప్లాన్లు గీసే పని ఇంటికే తెచ్చుకున్నాడని నీకు తెలుసు. పొద్దున్నే లేచి మొహం కడుక్కుని చెవులు మూసుకుంటాడు. మీటింగు ఉన్నా అవే, లేకపోయినా అవే. పిచ్చుక పిలిచి పిలిచి విసుగొచ్చి, స్కేలు పెట్టి పొడవడం నేర్చుకుంది. "నాన్న చెవులు ఆఫీసుకెళ్లాయి అమ్మమ్మా" అంటుంది.

ఒకరోజు కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి పక్క వీధికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి స్నానాల గదిలోంచి గీపెడుతున్న చప్పుడు. లోపలి గడియ బిగుసుకుపోయి పిల్ల ఇరుక్కుంది. అరిచి అరిచి దాని గొంతు పోయింది. గోడకి ఇవతల మీ బావ ఆ రెండు డిప్పలూ తగిలించుకుని ఎవరింటికో మెట్లు గీస్తున్నాడు. నేనే తలుపు కుమ్మి కుమ్మి గడియ ఊడగొట్టాను. దాన్ని చంకనేసుకుని వెళ్లి, మీ బావ చెవి మీది డిప్ప పక్కకి లాగి, "బాబూ, మీ అమ్మాయి ఇందాకట్నుంచి మిమ్మల్ని పిలుస్తోంది" అన్నాను. ఆ మొహం నేను చూడలేకపోయాను. రెండు రోజులు అవి ముట్టుకోలేదు. తరవాత మళ్లీ మామూలే. అడిగితే, "అవి లేకపోతే మీటింగు ఎలా వినాలి అత్తయ్యా?" అన్నాడు. సరే, ఆ సాకు లేకుండా చేస్తానని పంతం పట్టాను.

స్పీకర్ల కొట్టుకి వెళితే, కొట్టువాడు నన్ను చూసి, ఇల్లు అదిరిపోయే సెట్టు ఒకటి మోగించాడు. నా పళ్లు కూడా అదిరాయి.

"ఆఫీసు గదికి బాబూ" అన్నాను.

"ఎంత గదమ్మా?"

"మంచం వేస్తే తలుపు తెరుచుకోదు."

"అయితే ఈ పెద్ద డబ్బా దండగ. కానీ పాట వింటే ఇందులోనే వినాలమ్మా."

"పాట కాదు, మాటలు పెట్టు."

"మాటల కోసం స్పీకర్లు ఎవరు కొంటారు పెద్దమ్మా!"

"నేను కొంటాను. పెట్టు."

వార్తలు పెట్టాడు. నీ పెద్ద డబ్బా సెట్టులో ఆ చదివేవాడు డ్రమ్ములో తలపెట్టి చదువుతున్నట్టుంది. ఇంకోదాంట్లో ప్రతి మాటా బుస్సుమంది. మూడోవి చిన్నవి, నా అరచెయ్యంత ఉంటాయి. తక్కువలో పెట్టినా మాట మాటగా వినపడింది. ఏమీ మోగనప్పుడు గుయ్యిమని మూలగడం కూడా లేదు. కరెంటుకి వేరే ప్లగ్గు అక్కర్లేదు, కంప్యూటరు నుంచే లాక్కుంటాయట. పెంచడానికీ తగ్గించడానికీ ముందువైపే తిప్పుడు బిళ్ల ఉంది. అన్నిటికంటే చవక కూడా అవే. "ఇంట్లో బాగోకపోతే వెనక్కి తీసుకుంటావా?" అంటే, "మీతో ఇంకోసారి బేరమాడే ఓపిక లేదమ్మా, బాగుంటాయి" అన్నాడు.

ఇంటికొచ్చాక మీ బావ కాదనలేక బిగించాడు. "మన మాట రికార్డు చేసి వింటే ఎలా ఉన్నాయో తెలుస్తుంది. ఏదైనా అనండి అత్తయ్యా" అన్నాడు. నాకేం తోచలేదు. రోజూ అనేదే అన్నాను. "రండి, అన్నం చల్లారిపోతోంది."

అతను మీట నొక్కాడు.

ఒరేయ్ చిన్నోడా, ఆ డబ్బాల్లోంచి మీ అక్క పిలిచిందిరా.

నా గొంతు నాకు లోపల్నుంచి వినపడేది వేరు. ఇన్నేళ్లలో బయటినుంచి విన్నది లేదు. మా ఇద్దరిదీ ఒకే గొంతని చుట్టాలు అంటే, ఏదో మాటవరసకి అంటున్నారనుకునేదాన్ని. మీ బావ తల ఎత్తలేదు. "నాకు రోజూ ఇలాగే వినపడుతుంది అత్తయ్యా" అన్నాడు. "హెడ్‌ఫోన్స్ పెట్టుకోకపోతే, మీరు వంటింట్లోంచి పిలిచిన ప్రతిసారీ సగం లేస్తాను. లేచాక గుర్తొస్తుంది."

చెవులు మూసుకున్నది మీటింగుల కోసం కాదని, నా కోసమని అప్పటికి గానీ నాకు తెలియలేదు.

పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. అది మా ఇద్దరినీ తెలివితక్కువ వాళ్లని చూసినట్టు చూసి, "అమ్మమ్మది అమ్మ గొంతేగా. నాకెప్పుడో తెలుసు. కథ చెప్పేటప్పుడు కళ్లు అందుకే మూసుకుంటాను" అంది. నిద్రొచ్చి మూసుకుంటోందనుకుని నేను కథలు సగంలో ఆపేసేదాన్నిరా.

నేను సూటిగానే అడిగాను. "బాబూ, నేనుండటం మీకు కష్టమైతే చిన్నవాడి దగ్గరికి వెళ్లిపోతాను. లేదా తక్కువ మాట్లాడతాను." అతను చాలాసేపు ఆ బిళ్ల అటూ ఇటూ తిప్పాడు. "వెళ్లకండి. మెల్లగా కూడా మాట్లాడకండి. పిచ్చుకకి కావాలి కదా" అన్నాడు. ఆ బిళ్ల వదిలేసి, "నేనే అలవాటు పడాలి" అన్నాడు.

ఆ మర్నాడు గొంతెత్తి పిలిచాను. అతను లేచి రావడానికి చాలాసేపు పట్టింది. కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. అయినా సాయంత్రం మళ్లీ పిలిచాను. ఇప్పుడు "ఆఁ, వస్తున్నా" అని బదులిస్తున్నాడు. హెడ్‌ఫోన్స్ మేకుకి వేలాడుతున్నాయి. ఒక్కోరోజు తీసి తగిలించుకుంటాడు, నేను చూడనట్టు ఊరుకుంటాను. మీటింగులో పిచ్చుక అరుపులు వినపడి వాళ్ల పై అధికారి, "అక్కడ ఇంకో ఆఫీసు నడుస్తోందా?" అన్నాడట. మీ బావ నవ్వాడు. అధికారిదీ, అతనిదీ, ఇద్దరి నవ్వూ నాకు వంటింట్లోకి వినపడింది.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆ రోజు తరవాత, మీ బావ పిల్లని బడికి దింపడానికి వెళ్లినప్పుడు, వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి, "అమ్మా" అని నన్ను నేనే పిలుచుకున్నాను. మీ అక్క బడినుంచి రాగానే సంచీ విసిరేసి పిలిచేదే, అలా. ఇల్లంతా వినపడింది. "ఏంటే?" అని బదులు కూడా ఇచ్చాను. తరవాత స్టవ్ తగ్గించి ముక్కలు తరుక్కున్నాను. మళ్లీ అలా చెయ్యను. కానీ చేసినందుకు సిగ్గుపడను.

నన్ను మీ దగ్గరికి రమ్మని టికెట్టు తీస్తానన్నావు, వద్దురా. కోడలు నొచ్చుకోకుండా నువ్వే చెప్పు. ఇక్కడ నా గొంతుతో పనుంది.

ఫోన్‌లో ఎందుకంత నీరసంగా మాట్లాడుతున్నావని కూడా అడిగావు. నేను పిలిస్తే మీ బావ ఉలిక్కిపడటం చూసి, ఎందుకో తెలియకపోయినా గొంతు తగ్గించేసుకున్నాను. ఇక తగ్గించను. మరి నిన్ను నేనొకటి అడగాలి. నేను "హలో" అనగానే నువ్వు కాసేపు మాట్లాడవు. లైను బాగోలేదనుకునేదాన్ని. లైను బాగానే ఉంది కదరా?

ఆదివారం నేనే ఫోన్ చేస్తాను. గట్టిగానే పిలుస్తాను. కాసేపు ఆగాలనిపిస్తే ఆగు, నేను పెట్టెయ్యను. తరవాత పలుకు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ