లోకేశ్వరి ద్రౌపది వేషం

చిరంజీవి మునిప్రసాదుకు, తిరుపతి నుంచి మీ అమ్మ ఆశీస్సులు. నేనూ నీ కూతురూ క్షేమం. ఫోనైతే నాటకం మాట రాగానే పెట్టేస్తావు, అందుకే ఈ కార్డు.

ఇక్కడ నాటకం నేర్పుతున్న ఆస్ట్రేలియా ఆవిడ జూడిత్ మొదట నటి. వయసు పైబడిందని వేషాలివ్వకపోతే, ఏడుస్తూ కూర్చోకుండా తనే నాటకాలు రాసుకుని ఆడిందట. ఇప్పుడు పిల్లలకు నేర్పుతోంది. నిన్న వాళ్లచేత దుర్యోధన వధ ఆడించింది. మన లోకేశ్వరి ద్రౌపదిగా జుట్టు ముడి వేసుకోగానే, మన ఊరి భారతం మిట్టలో ద్రౌపదమ్మ వేషానికి మొక్కే మాదిరే ఆడవాళ్లు పసుపు కుంకుమలతో వేదిక ఎక్కేశారు. పిల్ల బెదిరి పారిపోబోయింది. కదలకుండా ద్రౌపదిగానే నిలబడమని జూడిత్ పక్కనుంచి సైగ చేసింది.

అందరికన్నా ముందు ఎక్కింది ఎవరనుకున్నావు? ఆడపిల్లకు నాటకాలేమిటని నీ చెవిలో ఊదిన మీ అత్తగారే! మనవరాలి కాళ్లకు మొక్కి, "తల్లీ, ఈ మోకాళ్ల నొప్పులు తీసెయ్యమ్మా" అనింది.

"పోతాయిలే పంకజాక్షీ. నీ మనవరాలి నాటకాల చదువుకు మాత్రం అడ్డం రావద్దు" అనింది లోకేశ్వరి, గొంతు వణక్కుండా.

"రానులే తల్లీ" అనేసింది ఆవిడ, అందరి ముందూ.

మల్లెపాదుకు నీళ్లు పోస్తున్నావా? పాలవాడికి రెండు పూటలా పొయ్యొద్దని చెప్పు.

నలుగురిలో నోరు తెరవని పిల్లను ఇంతదాన్ని చేసినందుకు జూడిత్‌కు చేతులెత్తి దండం పెట్టాను. నేను ఊరికే దండాలు పెట్టే మనిషిని కానని నీకు తెలుసు. లోకేశ్వరిని నాటకాల చదువులోనే చేర్చమంటోంది జూడిత్. ఆదివారం వచ్చి సరేనని నీ నోటితో చెప్పు. మీ అత్తగారు ద్రౌపదమ్మకు మాట ఇచ్చేసింది, ఇక మిగిలింది నువ్వే. చల్లగా ఉండు నాయనా.

అమ్మ