మూగదెబ్బ లెక్కలోకే వస్తుంది

తాళవాద్యాల మీద పరిశోధన చేసి డాక్టరేటు పొంది, విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, మూడో అంతస్తులోని సొంత వాటాలో ఒంటరిగా ఉంటున్న నేను, నలభై ఆరో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ‘స్థిరచిత్తంతో’ అని రాయమన్నారు ప్లీడరు గారు. చీర కొనేటప్పుడు కూడా నా చిత్తం స్థిరంగా ఉండదు. కనుక పూర్తి తెలివిలో ఉన్నానని మాత్రం రాస్తున్నాను.

సోమవారం నాకు ఆపరేషను. చిన్నదే అంటున్నారు. నా తొందర దాని గురించి కాదు. నా సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయం పుస్తకంగా వేస్తుందట. ఒక్క మార్పుకు ఒప్పుకుని సంతకం పెట్టమని మా గైడు గారు కాగితం పంపారు. పెట్టలేదు. నేను లేచి రాకపోతే నా తరఫున మీలో ఎవరో పెట్టేస్తారని భయం.

ఆ మార్పు ఇదీ. డోలు వాయించేవాళ్ళు మోగుతున్న చర్మం మీద అరచెయ్యి ఆనించి మోతను ఆపుతారు. చప్పుడు రాదు. దాన్ని వాళ్ళు మూగదెబ్బ అంటారు, పైకి కనపడని గాయానికి మనం వాడే మాటే. నేను రికార్డు చేసి తెచ్చిన టేపులను గైడు గారు కళ్ళు మూసుకుని వింటారు. ఆయనకు అక్కడ ఖాళీ వినపడింది. నేను ఎదురుగా కూర్చుని చూశాను. నాకు చెయ్యి కనపడింది. దెబ్బ అని రాశాను. ‘విరామం’ అని దిద్దమంటారాయన. “వినపడనిది లెక్కలోకి రాదమ్మా” అన్నారు, అందరి ముందూ, నవ్వుతూ.

1. ముందు గదిలోని డోళ్ళన్నీ వాటికి చర్మం బిగించే మేస్త్రీకి చెందాలి. వాయించుకున్నా, అమ్ముకున్నా, విప్పి వేరేవి చేసుకున్నా ఆయన ఇష్టం. మా డిపార్ట్‌మెంటు మ్యూజియానికి మాత్రం ఒక్కటి కూడా పోకూడదు. వెనక నేనిచ్చిన డోలును, చేత్తో వాయించే ముఖం గోడకు తిప్పి అద్దాల బీరువాలో పెట్టారు. చెబితే, ఇలాగైతేనే రంగు బాగా కనపడుతుందన్నారు.

2. ఈ వాటా, ఇందులో మిగతా సామానంతా మా అక్కకు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా తనదే; మా ఇంట్లో ఎవరితోనైనా పోట్లాడి నెగ్గుకొచ్చేది తనొక్కతే. అక్కా, చిన్నప్పుడు అన్నం తింటూ నేను బల్ల మీద దరువేస్తుంటే, నాన్న చెవిన పడకముందే నా చేతి మీద నీ చెయ్యి వేసి ఆపేదానివి. నేనెరిగిన మొదటి మూగదెబ్బ అదే. థీసిస్‌లో ఆ సంగతి రాయడానికి వీల్లేక, ఇక్కడ రాస్తున్నాను.

3. నాకు డాక్టరేటు వచ్చిన రోజున, డబ్బా కొట్టడానికి కూడా డిగ్రీలు ఇస్తున్నారా అని చుట్టాల ముందు అడిగిన మా అన్నయ్యకు, అటక మీదున్న ఖాళీ బిస్కెట్ల డబ్బా. మూతతో సహా.

4. కింది వాటా పెద్దాయనకు నా గదిలోని మందపాటి రబ్బరు పరుపు. నా వాయింపు భరించలేక ఆయన కర్రతో పైకప్పు మీద పొడిచేవారు. ఎంత కోపంలో ఉన్నా లయ తప్పలేదని ఆయనకు చెప్పండి.

5. నా గ్రంథం ఉన్నది ఉన్నట్టుగా అచ్చయితే అవ్వాలి, లేకపోతే చెదలు తినాలి. ఒక్క మూగదెబ్బ దగ్గర విరామం పెట్టినా పుస్తకం మీద నా పేరు ఉండకూడదు. ఆ కాగితం మీద ఎవరు సంతకం పెడితే వాళ్ళకు పై నాలుగింటిలో ఏదీ దక్కదు. అక్కా, నీకూ ఇదే వర్తిస్తుంది.

పొరబడ్డానేమోనని నాకూ అనిపిస్తుంది. కొన్నిచోట్ల వాయించేవాళ్ళు చెయ్యి ఊరికే వాల్చి ఉండవచ్చు, అలిసిపోయి ఉండవచ్చు. బతికి బయటపడితే మళ్ళీ వెళ్ళి వాళ్ళ ఎదురుగా కూర్చుంటాను. తప్పని తేలితే ఆ దెబ్బను నేనే కొట్టేస్తాను. ఆ పని ఇంకొకరు చేయడానికి వీల్లేదు.

శనివారం, నవంబరు పదిహేను.

(సంతకం)

సాక్షులు:
జిరాక్సు కొట్టు యజమాని
మా డిపార్ట్‌మెంటు లైబ్రేరియన్ (గైడు గారికి తెలిస్తే ఎలా మేడమ్ అంటూనే సంతకం పెట్టారు)