కార్జం ఇక నాయనకు పెట్టొద్దు

ఒంగోలు, బుధవారం

అమ్మా, ఇక్కడ ఆసుపత్రిలో నాయన రెండు పూటలా అన్నం తింటున్నాడు, పొట్ట ఉబ్బు కొంచెం దిగింది. గోపిక వదినా, ఈ కార్డు అమ్మకు నెమ్మదిగా చదివి వినిపించు. ఫోన్లో చెబుదామంటే నాయన నా పక్కనుంచి కదలడు.

అమ్మా, నిన్న డాక్టరు ఏం తింటావని అడిగితే, నువ్వు కట్టిచ్చిన ఐరన్ టానిక్కు సీసా తీసి చూపించాడు. "నీరసమంటే మా ఇంటామె కొనిచ్చింది సార్. పొట్టేలు కోస్తే కార్జమంతా నాకే పెడతాది" అని గొప్పగా చెప్పాడు. డాక్టరు సీసా లాక్కున్నాడు. హెపటైటిస్ బి వైరస్ వల్ల నాయన లివర్ మచ్చలు కట్టి గట్టిపడుతోందట. అందులో ఇనుము కూడా పేరుకుపోయిందని పరీక్షల్లో తేలింది. వైరసూ ఇనుమూ కలిస్తే లివర్ ఇంకా తొందరగా చెడుతుందట. కార్జంలోనూ ఇనుమే ఎక్కువ కాబట్టి, టానిక్కూ కార్జమూ మానాల్సిందేనన్నాడు.

ఆయన వెళ్లాక నాయన, "మీ అమ్మకు చెప్పబాకమ్మా, కుమిలిపోతాది. ఇంటికి పోయినాక ఆమె పెడితే తినేస్తాలే, ఏమైతాది" అన్నాడు. అందుకే ఈ కార్డు రాస్తున్నా.

చూడి గొర్రె ఈనిందా? ఆ వైరస్ రక్తం ద్వారా అంటుకుంటుందట, నాయన గడ్డం బ్లేడు అన్నను ముట్టుకోనివ్వొద్దు. అందరూ కనిగిరి వెళ్లి ఆ వైరస్‌కు రక్తపరీక్ష చేయించుకోండి, ముందు నువ్వు.

జబ్బు నువ్వు తెచ్చింది కాదమ్మా. ఇన్నేళ్లూ ఆయనకే పెట్టి, నువ్వు ఒక్క ముక్క నోట పెట్టుకోలేదు. పరీక్షలో ఏమీ లేదంటే, ఈసారి పొట్టేలు కోసిన రోజు ఆయన కళ్లముందే కార్జం నువ్వు తిను.

నీ కూతురు
చెంచులక్ష్మి