చెవి పెట్టిన లైను

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అన్నయ్య, వదిన కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మీ అల్లుడి మోకాలు నయమైంది. మెట్లు ఎక్కుతున్నారు, మూలుగు మాత్రం మానలేదు. నీ మనవరాలికి ముందు పళ్ళు రెండూ ఊడాయి. "అమ్మమ్మకీ లేవుగా, మేమిద్దరం ఒక జట్టు" అంటోంది. వంటింటి కొళాయి ఇంకా కారుతూనే ఉంది.

"నడిచే ప్రోగ్రాం మీద నిఘా ఏంటే, అదేమన్నా దొంగా?" అని రాశావు. దొంగ కాదు. అంబులెన్సు కోసం ఫోన్ చేసినవాళ్ళ చిరునామాను మా ఆపరేటర్ల తెర మీదకు తెచ్చి, దగ్గర్లో ఉన్న బండికి కబురు పంపే ప్రోగ్రాం అది. నెలకోసారి కారణం తెలియకుండా రెండు మూడు సెకన్లు బిగుసుకుపోతోంది. ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడానికి, అది వేసే ప్రతి అడుగునూ రాసిపెట్టే ట్రేసర్‌ను దాని లోపలే పెట్టాను. చిక్కేమిటంటే రాయడానికి సమయం పడుతుంది, రాసింది దాచడానికి మెమరీ కావాలి. ఆ రెండూ ప్రోగ్రాం నోటి దగ్గరి నుంచి లాక్కోవలసిందే. ఎక్కువ రాయిస్తే పని నెమ్మదిస్తుంది, తక్కువ రాయిస్తే జబ్బు దొరకదు. నేను అన్నీ రాయించి, చోటు మాత్రం నాలుగు నిమిషాలకు సరిపడా ఇచ్చాను. నిండగానే పాత రాత చెరిపి దాని మీదే కొత్తది రాస్తుంది.

నీకిది కొత్త కాదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో మీ సూపర్‌వైజరు నీ లైను మీద చెవి పెట్టగానే మాట సగానికి సన్నబడేదనీ, అవతలివాడు "గట్టిగా చెప్పమ్మా" అని అరిస్తే, ఆ అరుపు విని ఆయనే నీకు మెమో ఇచ్చాడనీ ఎన్నిసార్లు చెప్పావో.

మొన్న మంగళవారం మధ్యాహ్నం గాలివానకు ఊరంతా చెట్లు కూలాయి. పావుగంటలో మూడు వందల కాల్స్ వచ్చాయి. మామూలు రోజున నేను పరీక్షించినప్పుడు ట్రేసర్ వల్ల పని నూటికి నాలుగు వంతులే నెమ్మదించింది. ఆ లెక్క చూపించే, బరువేమీ ఉండదని మేనేజరుకు హామీ ఇచ్చి పెట్టాను. కానీ ట్రేసర్ ఆ మూడు వందల కాల్సూ ఒకే పుస్తకంలో రాయాలి. ఒకటి రాస్తుంటే మిగతావి వరసలో నిలబడాలి. ఆ సంగతి నేను ఆలోచించలేదు.

ఒక దర్జీకి పక్షవాతం వచ్చిందని ఆయన భార్య ఫోన్ చేసింది. బండికి కబురు నలభై సెకన్లు ఆలస్యంగా వెళ్ళింది. మనిషి బతికాడు. కుడిచేయి లేవడం లేదు. ఆ నలభై సెకన్లకూ చేతికీ సంబంధం ఉందో లేదో చెప్పలేమని డాక్టరు అన్నాడు.

ఆ కాల్ తీసుకున్నది మేం చిలక అని పిలిచే పిల్ల. గలగలా మాట్లాడుతుంది. బుధవారం మేనేజరు గదిలోకి మా ఇద్దరినీ పిలిచారు.

"బండిని పంపే బటన్ వెంటనే నొక్కాను సార్. తెరే కదల్లేదు," అంది చిలక.

"అంత వాగుడు వాగితే ఇంకెప్పుడు నొక్కుతావమ్మా?"

"నోటితో మాట్లాడతాను, వేలితో నొక్కుతాను సార్. దేవుడి దయవల్ల రెండూ వేరువేరుగానే ఉన్నాయి."

ఎవరూ నవ్వలేదు. ఆయన నా వైపు తిరిగారు. "నీ రికార్డులో ఏముంది?"

"ఆ సమయానికి ఏమీ లేదు సార్," అన్నాను.

అమ్మా, ఇంతసేపూ రాయలేక కొళాయి గురించీ మోకాలి గురించీ రాసింది ఇందుకే. ఏమీ లేదన్నది నిజమే. చిలక బటన్ నొక్కిన క్షణం ఆ రికార్డులో ఉండేది. నాలుగు నిమిషాల తర్వాత అది చెరిగిపోయింది. ఎందుకు లేదో నేను చెప్పలేదు. సాయంత్రానికల్లా ట్రేసర్ తీసేశాను. అదీ చెప్పలేదు. ఇప్పుడు తప్పు చిలకదని అందరూ అనుకుంటున్నారు. రేపు, సోమవారం పదింటికి విచారణ, ఆ తర్వాత ఆ పిల్లకు ఉద్యోగం ఉండదు.

మంగళవారం నాటి కాల్స్‌ను నిన్న ఖాళీగా ఉన్న కంప్యూటరు మీద మళ్ళీ నడిపించాను. ట్రేసర్‌తో ఆ కబురు వెళ్ళడానికి ముప్పై ఎనిమిది సెకన్లు. అది లేకుండా ఒక్క సెకను కూడా పట్టలేదు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

మెమో కథ నువ్వు నవ్వుతూనే చెప్పేదానివి. "రిటైరయ్యేదాకా ఆ మహానుభావుడు తన వల్లేనని నోరు విప్పితే ఒట్టు" అని ముగించేదానివి. తర్వాత లేచి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదానివి. చిన్నప్పుడు అదెందుకో నాకు అర్థమయ్యేది కాదు.

పరీక్ష ఫలితాలు ఒక పేజీలో రాసి సంతకం పెట్టాను. దాని నకలు చిలక చేతికి ఇచ్చాను, నాకు రేపు ధైర్యం చాలకపోయినా కాగితం ఆగకూడదని. ఆ పిల్ల దాన్ని రెండుసార్లు చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

చెవులు సరిగా వినబడక నువ్వు ఫోన్ ఎత్తవు. ఈ ఉత్తరం బుధవారానికి గానీ నీకు అందదు, అప్పటికి విచారణ అయిపోతుంది. అందుకే ఇవాళే రాస్తున్నాను. నీ జవాబు చూసుకుని నిజం చెప్పానని అనిపించుకోకూడదు.

ఇట్లు,
ఈసారి చెవి పెట్టినవాళ్ళ వైపున ఉన్న
నీ చిన్న కూతురు