జానెడు సందు

బావా,

హుమ్మ ఊళ్లో ఉప్పుమళ్లకు నీళ్లు తోడే పంపు నిన్న అంటుకుని కాలిపోయింది. దానికి రెండు డీజిల్ ఇంజన్లు పక్కపక్కనే ఇరికించి బిగించింది నేనే.

నువ్వు చెప్పే యుద్ధకాలపు జర్మన్ బాంబర్ గుర్తొచ్చింది. "సాలా దూరం ఎల్లేదిరా, బోల్డు బాంబులు మోసేది. కానీ రెక్కకి రెండేసి ఇంజన్లు కలిపి ఒకటే పంకా ఎట్టారు. మజ్జిన సెయ్యి దూరదు. నూనె కారితే ఎవుడు సూస్తాడు? గాల్లోనే కాలిపోయేది" అనేవాడివి. అలా చెబుతూనే మన ఇంజన్ల మధ్య జానెడు సందు కొలిచేవాడివి. నేను నవ్వేవాణ్ని.

ఎవరికీ ఏమీ కాలేదు. ఈరోజు నీ సంవత్సరీకం. బరంపురంలో అక్క ఎదురుచూస్తోంది. బయల్దేరేముందు కొత్త ఇంజన్లు విడివిడిగా బిగించాను. నీ చెయ్యి పెద్దది కదా, నా జానెడుకి రెండు వేళ్లు కలిపి సందు కొలిచాను.