గోడ కదల్లేదు

చెల్లికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేసి అడగొచ్చు గదా అనుకుంటావు. మా ఇంట్లో ఏ మూల నుంచి మాట్లాడినా వంటింట్లోకి వినపడుతుంది. మీ వదిన చెవులు నీకు తెలుసు. అందుకని స్టూడియోలో కూర్చుని రాస్తున్నాను. జవాబు కూడా స్టూడియోకే రాయి.

పైకి చెప్పదగ్గ సంగతి ఇది. ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన పిల్లల ఫొటోలు తీసే పని దొరికింది. ఫ్లాషు కొట్టకూడదు. మంచాల మధ్య స్టాండు పెట్టే చోటు లేదు. కిటికీలకి మందపాటి తెరలు. ఆ మసకలో చేత్తో పట్టుకుని తియ్యాలి. వెలుతురు చాలక ఐఎస్ఓ పెంచితే బుగ్గల మీద ఇసక చల్లినట్టు పడుతోంది, తగ్గిస్తే అలికినట్టు వస్తోంది. మొన్న నర్సమ్మ ఒక ఫొటో చూసి, "పుట్టింది ఒక్కడేనండీ, మీరు కవలల్ని చూపిస్తున్నారు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నీ రిపేరు షాపుకి వాడిన కెమెరాలు వస్తుంటాయి గదా, మసకలో చేత్తో తీసినా బొమ్మ నిలిచేది, నా తాహతుకి తగ్గది ఒకటి చూడు.

లోపలి సంగతి వేరే ఉంది. తప్పు కెమెరాది కాదేమో. నా చేతులు వణుకుతున్నాయనుకుంటున్నాను. నాన్నకి ఎలా మొదలైందో నీకు గుర్తుండదు, చిన్నదానివి. షాపు బోర్డులు రాస్తుంటే అక్షరాల అంచు రంపంలా వచ్చేది. కుంచె బాగాలేదనేవాడు. కొత్త కుంచె కొనేవాడు. ఆఖరికి చొక్కా బొత్తాలు అమ్మ పెట్టాల్సొచ్చింది. ఇప్పుడు నేను కెమెరా బాగాలేదంటున్నాను. అరచెయ్యి చాపి దాని మీద కాగితం పెట్టి చూస్తున్నాను, కాగితం కదులుతోంది. మీ వదిన కనిపెడుతుందేమోనని గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాను. నాకు ఇంకో పని చేతకాదు. నిద్ర పట్టడం లేదు. వదినకి చెప్పకు.

నీ అన్నయ్య

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి ముందు నా చెయ్యి చాపి చూసుకున్నాను. కాగితం కదిలింది. మా ఆయన చేతిమీద పెట్టాను, అక్కడా కదిలింది. "ఫ్యాను ఆపి చూడు తల్లీ" అన్నాడు. ఆ పరీక్ష మానెయ్యి.

నీకు రెండు దారులున్నాయి. ఒకటి, లోపల బొమ్మ పడే సెన్సారు తనే కదిలి చేతి వణుకుని సర్దుకునే కెమెరా. చెయ్యి కాస్త అదిరినా కదలని వస్తువు నిలిచి వస్తుంది. వాడినదైనా ఖరీదే. రెండోది, నీ పాత కెమెరాకే యాభై ఎమ్మెమ్ లెన్సు, అపర్చరు 1.8ది, అంటే కన్ను పెద్దగా తెరుచుకునేది. నీ దగ్గరున్న దానికంటే ఎన్నో రెట్లు వెలుతురు లాగుతుంది, షట్టరు వేగం పెంచుకోవచ్చు. చవక. కానీ కదులుతోంది చెయ్యా, పిల్లా అన్నది తేలితే గానీ ఏది కొనాలో చెప్పలేను. చెయ్యి కదిలితే ఫొటో అంతా అలుక్కుపోతుంది, గోడతో సహా. మనిషి కదిలితే ఆ మనిషే అలుక్కుపోతుంది. ఆసుపత్రి ఫొటోల్లో వెనకంతా తెర కాబట్టి ఏదీ తెలియదు.

సాయంత్రం వంటింట్లో ఒక్క బల్బు వేసి వదినని కూర్చోబెట్టు. వెనక గూడూ గిన్నెలూ పడాలి. కదలొద్దని చెప్పు. షట్టరు నెమ్మదిగా, సెకనులో పదిహేనో వంతులో పెట్టి కొన్ని తీసి ప్రింట్లు పంపు. నాన్న సంగతికొస్తే, భయం నీ ఒక్కడిదే కాదు. చేతిలోంచి సన్న స్క్రూ జారినప్పుడల్లా నేనూ పని ఆపి వేళ్లు చూసుకుంటాను.

నీ చెల్లి

చెల్లికి,

ప్రింట్లు ఇందులో ఉన్నాయి. కొత్త లెన్సు కొనేముందు పరీక్ష అని మీ వదినకి చెప్పాను. "పరీక్షలకి నా మొహమే దొరికిందా" అంటూనే కూర్చుంది. బఠాణీల పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఒలవబోయింది. తీసెయ్యమన్నాను. తువ్వాలు అందుకుని మడతలు మొదలుపెట్టింది. అదీ వద్దన్నాను, చేతులు ఊరికే మోకాళ్ల మీద పెట్టమన్నాను. "పెళ్లిపీటల మీద కూడా ఇంత బిగుసుకుని కూర్చోలేదు. కానివ్వండి" అని విసుక్కుంది. మోచేతులు డొక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి తీశాను.

నేను చూడలేదు. కెమెరా వెనక తెర మీదా చూడలేదు. మిషన్లోంచి వచ్చినవి వచ్చినట్టు బోర్లించి కవర్లో పెట్టాను. ఉన్నదున్నట్టు రాయి. నా మనసు నొచ్చుకుంటుందని చూడకు.

నీ అన్నయ్య

అన్నయ్యా,

నీ చేతులకి ఏమీ కాలేదు. గిన్నెల అంచులు, డబ్బాల మీద అక్షరాలు, గోడ పగులు, అన్నీ గీసినట్టున్నాయి. పదిహేనో వంతులో అంత నిలకడగా నేను తియ్యలేను. ఈ మాట సంతోషంగా రాయాల్సింది.

ప్రింట్లు బల్ల మీద పరిచి భూతద్దం పెట్టి చూశాను. వదిన మొహం నిలిచింది. ఎడమచెయ్యి నిలిచింది, గోళ్లు కూడా తెలుస్తున్నాయి. కుడిచెయ్యి మణికట్టు దాకే ఉంది. అక్కణ్ణించి పొగ. ఒక్క ఫొటోలో అయితే కదిలిందిలే అనుకునేదాన్ని. అన్నిట్లోనూ అదే చెయ్యి, అవే వేళ్లు. కదలొద్దన్నావు, ఆవిడ కదల్లేదు. చెయ్యి కదిలింది. మా ఆయనకి చూపించాను. భూతద్దం తనూ పెట్టి చూసి, "లెన్సు సంగతి తరవాత రాయొచ్చులే" అన్నాడు.

నాకు వైద్యం తెలియదు. ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఇవాళే వదిన చెయ్యి చూడు. పనిలో ఉన్నప్పుడు కాదు, ఊరికే ఉన్నప్పుడు.

నీ చెల్లి

చెల్లికి,

నీ ఉత్తరం చదివి స్టూడియో మూసి ఇంటికెళ్లాను. మీ వదిన కూర తరుగుతోంది. చెయ్యి రాయిలా ఉంది. నువ్వే పొరబడ్డావని ప్రాణం లేచొచ్చింది. అయినా, "కత్తి పక్కనపెట్టి కాసేపు కూర్చో" అన్నాను. నా మొహం చూసి కత్తి పెట్టేసింది. ముందు ఏమీ లేదు. తరవాత కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కనపడని గింజేదో నలుపుతున్నట్టు మొదలైంది. ఎడమచేత్తో దాన్ని కప్పేసింది.

"ఫొటోలో పడిందా" అంది.

పోయిన ఎండాకాలం నుంచీ ఉందట. పనిలో పెడితే ఆగుతుందని తనే కనిపెట్టింది. అందుకే పక్కింటివాళ్ల బట్టలకి కూడా బొత్తాలు కుట్టిపెడుతోంది. నేను ఓపిక అనుకున్నాను. నాకెందుకు చెప్పలేదన్నాను. "మీరు ఎప్పుడు చూసినా మీ చేతులే చూసుకుంటున్నారు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటుంటే నాకు తెలియదా? ఇద్దరికీ ఒకేసారి అంటే ఇల్లు ఏమవుతుందని ఊరుకున్నాను" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆసుపత్రిలో కదిలేది పిల్లలే కాబట్టి నాకు ఆ యాభై లెన్సు చాలు. ఆ మాటే చెబితే, "అది పెడితే నా చెయ్యి ఆగినట్టు పడుతుందా" అనడిగింది. షట్టరు వేగం పెంచితే పడుతుందన్నాను. "అయితే డాక్టరు చూశాకే తెప్పించండి. ముందొస్తే మీరు ఆ ఫొటోనే నమ్ముతారు" అంది.

మంగళవారం పెద్దాసుపత్రికి వెళ్తున్నాం. నీ దగ్గరున్న ప్రింట్లు తీసుకుని వచ్చెయ్. లోపలికి ముగ్గురం వెళ్దాం. డాక్టరు చెప్పేది నేనొక్కణ్ణే వినలేను.

నీ అన్నయ్య