ఫార్వర్డ్ లైనులో మిరపకోత ముఠా

చీరాల,
సోమవారం.

మేనమామ చెంచురామయ్య గారికి బిందుమాధవి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. ఎత్తినా "కాయితం మీద పెట్టమ్మా, అప్పుడే మాట నిలుస్తుంది" అంటారు. అందుకని ఈ ఉత్తరం మీ ఊరొచ్చే గౌస్ బాషా ఆటోలో పంపుతున్నాను.

నేను ఆట నేర్పుతున్న ఆడవాళ్ళ హాకీ జట్టు సంగతి మీకు తెలుసు. కిందటేడు నాలుగు ఆటలాడి ఒక్క గోల్ కూడా కొట్టలేదు. వెనకవైపు ఆడేవాళ్ళు గట్టివాళ్ళే. గోల్ కీపర్ నగ్మా అయితే ఈగను కూడా దూరనివ్వదు. ముందుండి గోల్ కొట్టాల్సిన ఐదుగురు ఫార్వర్డులతోనే వచ్చింది చిక్కు. అందరూ కాలేజీ పిల్లలు. బంతి దొరికితే పక్కవాళ్ళకి ఇవ్వడానికి ప్రాణం ఒప్పదు. ఈసారి మొదటి ఆటలోనే ఓడితే మైదానం క్రికెట్ వాళ్ళకి ఇచ్చేస్తామని క్లబ్బు పెద్దలు తేల్చి చెప్పారు. ఆరేళ్ళు రాళ్ళేరి చదును చేసుకున్న నేల అది. అది పోతే నాకు జట్టే లేదు మామయ్యా.

మీ ఊళ్ళో నడుం వంచి పరుగెత్తగలిగే ఆడవాళ్ళు ఇద్దరిని చూసి పంపండి. వయసు పట్టింపు లేదు.

మీ మేనకోడలు
బిందు

తా.క.: ఇద్దరే. మీ సంగతి తెలుసు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, ఇద్దరే.

*

మంగళవారం.

చిరంజీవి బిందుకు మామయ్య దీవెనలు.

హాకీ నాకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. నలభై ఏళ్ళుగా మిరపకోతకి మనుషుల్ని ఎంచుతున్నాను. పొద్దున్నే నడుం వంచిన తీరు చూసి, సాయంత్రం దాకా ఎవరు నిలబడతారో చెప్పగలను. ఈ పూట చేలో గట్టు మీద కూర్చుని ఫార్వర్డుల్ని ఎంచేశాను. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

కోటేశ్వరమ్మ ముఠాను పంపుతున్నాను. ఐదుగురు. ఇద్దరు చాలన్నావని చెప్పాను. "ముఠాను విడగొట్టి ఎవరైనా పనికి పిలుస్తారా? మిగతా ముగ్గురూ ఏం పాపం చేశారు?" అంది కోటేశ్వరమ్మ. నీ దగ్గర జవాబుంటే నువ్వే చెప్పుకో.

నా చేలో కాయ ఎర్రబడి ఉంది. అయినా నీ మైదానం కంటే ఎక్కువ కాదనుకున్నాను.

చెంచురామయ్య

తా.క.: కోటేశ్వరమ్మకి నలభై ఏడేళ్ళు, ఇద్దరు మనవరాళ్ళు. వయసు పట్టింపు లేదని రాసిన నీ ఉత్తరం జాగ్రత్తగా దాచాను.

*

చీరాల,
గురువారం.

మామయ్య గారికి బిందు నమస్కారాలు.

మీ ముఠా దిగింది. ఒప్పుకుంటున్నాను, ఇలాంటి నడుములు నేను చూడలేదు. గంటన్నర సేపు ఒక్కరూ నిటారుగా నిలబడలేదు. శ్రీదుర్గ అయితే బంతిని పట్టుకుని కుడి అంచు వెంట గాలిలా వెళ్ళింది. గోల్ ముందు దాకా వెళ్ళింది. అక్కడ బంతిని వదిలేసి వెనక్కి తిరిగొచ్చింది.

ఎందుకమ్మా అంటే, "నా సాలు అయిపోయిందండీ. జైతున్‌బీ అక్క సాలు ఇంకా సగం ఉంది కదా, సాయానికొచ్చాను" అంది. చేలో మొక్కల వరస కోసుకుపోయినట్టే, ఐదుగురిదీ అదే తీరు. ముందు చేరినవాళ్ళు వెనకబడ్డవాళ్ళ కోసం తిరిగొస్తారు. గోల్ మాత్రం ఎవరూ కొట్టరు. మీరే కాస్త నచ్చజెప్పండి.

బిందు

తా.క.: తప్పు జరిగిందని విజిల్ ఊదాను. ఐదుగురూ కాళ్ళు కడుక్కుని అన్నం క్యారియర్లు విప్పారు.

*

శుక్రవారం.

అమ్మాయ్ బిందూ,

మా ముఠా పనిదొంగలని రాస్తావా? ముందు సాలు ముగించినవాళ్ళు వెనకవాళ్ళ సాలు అందుకోవడం మా దగ్గర నూరేళ్ళ మర్యాద. నీ కాలేజీ పిల్లలకి అది లేకే కదా నువ్వు నాకు ఉత్తరం రాసింది.

తప్పు పనిలో లేదు, నువ్వు చెప్పడంలో ఉంది. రాత్రి కోటేశ్వరమ్మతో నేనే మాట్లాడాను. గోల్ అంటే కల్లం అని చెప్పాను. కోసిన కాయ కల్లానికి చేరకపోతే కోసినట్టే కాదు గదా. ఒక్క మాటలో తేలిపోయింది. రేపటి నుంచి గోల్స్ లెక్కపెట్టడానికి మనిషిని పెట్టుకో.

మామయ్య

తా.క.: ఆ విజిల్ ఏదో పదకొండింటికి, ఒంటిగంటకి ఊదు. మధ్యలో ఊది వాళ్ళ ఆకలి పాడుచేయకు.

*

చీరాల,
శనివారం.

మామయ్య గారికి,

మీరు చెప్పింది వాళ్ళకి బాగా ఎక్కింది. ఇవాళ అభ్యాసం ఆటలో సగం సమయానికే నాలుగు గోల్స్ కొట్టారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. సగం ఆట అయ్యాక రెండు జట్లూ ఇటువాళ్ళు అటూ, అటువాళ్ళు ఇటూ మారాలి. అది నియమం. మారారు. మారి, మళ్ళీ అదే గోల్లో ఇంకో మూడు కొట్టారు. కానీ ఇప్పుడది మన గోల్!

నేను అరిస్తే కోటేశ్వరమ్మ నన్ను జాలిగా చూసి, "కల్లం పొద్దున ఒక చోట, మధ్యాహ్నం ఒక చోట ఉంటుందా తల్లీ?" అంది.

నా వల్ల కాదు. ఆట రేపే. కాలేజీ పిల్లల పేర్లే రాసుకుంటాను. మీవాళ్ళని తిప్పి పంపుతున్నాను.

బిందు

తా.క.: సొంతవాళ్ళే గోల్ కొడితే ఆపాలా వద్దా అని నగ్మా ఇప్పటిదాకా అడుగుతోంది.

*

శనివారం సాయంత్రం.

బిందూ,

పిలిచిన ముఠాను పని మధ్యలో తిప్పి పంపిన ఇల్లు మన వంశంలో లేదు. వాళ్ళకి ఒంటిపూటే వచ్చిందనుకో, ఒంటిపూటే చేయించుకో. రేపు నేనూ వస్తున్నాను.

మామయ్య

తా.క.: అటూ ఇటూ మారే నియమం పెట్టినవాడు ఎన్నడూ చేను చూసి ఉండడు.

*

చీరాల,
సోమవారం.

మామయ్య గారికి వేయి నమస్కారాలు.

మీరు గట్టు మీద కండువా తిప్పుతూ ఎగురుతూనే ఉన్నారు కాబట్టి ఆట మీకు ఎంత కనిపించిందో తెలియదు. అందుకే రాస్తున్నాను. శనివారం రాత్రి మీ ఉత్తరంలోని "ఒంటిపూట" దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. హాకీలో ఆటగాళ్ళను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అంటే నాకు కావలసింది ఒక ఫార్వర్డ్ లైను కాదు, రెండు! మొదటి సగం ముఠా ఆడి మూడు గోల్స్ కొట్టింది. విజిల్ ఊదగానే వాళ్ళు క్యారియర్ల దగ్గరికి వెళ్ళారు, కాలేజీ పిల్లలు దిగారు. ముఠాను చూసి సిగ్గుపడ్డారో ఏమో, మొదటిసారి ఒకరికొకరు బంతి ఇచ్చుకున్నారు. మూడు, రెండు తేడాతో గెలిచాం. మైదానం మనదే. ఇంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా లేదు.

ఎవరిని ఎక్కడ ఆడించాలో ఇప్పుడు నాకు బాగా తెలిసింది. వచ్చే ఆదివారం పిడుగురాళ్ల జట్టుతో ఆట. ముఠాను శనివారమే పంపండి.

మీ గెలిచిన మేనకోడలు
బిందు

తా.క.: మూడో గోల్ కొట్టాక కోటేశ్వరమ్మ అవతలి గోల్ కీపర్‌ని "ఇంత ఎండలో ఒక్కదానివే నిలబడ్డావా అమ్మా" అని పలకరించింది. ఆ పిల్ల ఏడ్చేసింది.

*

మంగళవారం.

చిరంజీవి బిందుకు మామయ్య రాస్తున్నది.

ముఠా రాదు. ఆదివారం ఆటకి వస్తుంది, కానీ పిడుగురాళ్ల తరఫున.

కోటేశ్వరమ్మ పొద్దున్నే వచ్చి చెప్పింది. మన ఆట చూడ్డానికొచ్చిన పిడుగురాళ్ల కోచ్ అనంతపద్మనాభం గారు ఆట అవగానే మైదానం అంచుకి వచ్చి, వచ్చే ఆదివారానికి మాట తీసుకున్నారట. మా దగ్గర పనికి ముందు ఎవరు చెబితే ఆ చేలోకే వెళ్తారు. ఆ పెద్దమనిషి మన పద్ధతి తెలిసినవాడు. నువ్వు మాత్రం అప్పుడు క్లబ్బు పెద్దలతో ఫోటోలు దిగుతున్నావు.

"బిందమ్మ మీద మాకేం కోపం లేదండీ, అడిగితే ముందు ఆమెకే చెప్పేవాళ్ళం" అంది. నిజమే. జట్టుని నువ్వే ఎంచుతున్నావని నువ్వనుకున్నావు, నేను ఎంచానని నేననుకున్నాను. ఎంచేది కోటేశ్వరమ్మ. వెనక ఆడేవాళ్ళని గట్టిగా నిలబెట్టు, నగ్మాకి ధైర్యం చెప్పు.

మామయ్య

తా.క.: నన్ను చూసి నవ్వుకోకు. ఆ అరుపుల్లో పడి నేనూ నా కోతకి రమ్మని వాళ్ళకి చెప్పడం మరిచాను. ఆదివారం దాకా పిడుగురాళ్లలో అభ్యాసమట, నా కాయ చెట్టు మీదే ఎండుతోంది. మీ కాలేజీ పిల్లలు కోతకి వస్తారేమో కనుక్కో.